తూటా గుంటలో దొరికిన బట్ట

2018 ఫిబ్రవరి, బుధవారం. స్థలం: పామర్రు దాటాక ఒక చేపల చెరువు గట్టు. హాజరైనవారు: విజయవాడ ప్రయోగశాల తుపాకుల విభాగం నుంచి నేను, నా సహోద్యోగి మాధవి గారు, కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టర్ రఘు గారు, గాయపడిన నాగేశ్వరరావు. ఆనాటి డైరీలో ఇంతే రాసుకున్నాను. మిగతాది గుర్తున్నంత మేరకు చెబుతాను.

కేసు అన్నదమ్ములది. అన్న సుబ్బారావు గారు గట్టు మీద, తమ్ముడు నాగేశ్వరరావు కింద తూము దగ్గర ఉండగా కాలవ నీళ్ల వంతు గురించి మాట పెరిగింది. అంతలో అన్న దగ్గరున్న లైసెన్సు పిస్టల్ పేలి, తమ్ముడి తొడలో తూటా దిగింది. "నడుమున ఉన్నది, వంగేసరికి దానంతటదే పేలింది" అని అన్న. "తీసి గురిపెట్టి కొట్టాడు" అని తమ్ముడు. ఎలా పేలినా తూటా పైనుంచి కిందికే వస్తుంది కాబట్టి గాయం కోణాన్ని బట్టి ఏదీ తేలదు. అన్న కట్టుకున్న పంచె ఉంటే, దానికి తూటా చిల్లు, మసి ఉన్నాయో లేదో చూస్తే ఇట్టే తేలేది. కానీ నెత్తురు ఆపడానికి ఆయనే దాన్ని విప్పి, చించి, ముక్కలన్నీ తమ్ముడి తొడకు కట్టారు. ఆ గుడ్డను ఆస్పత్రిలో పారేశారు. హత్యాయత్నం రుజువైతే సుబ్బారావు గారికి ఏళ్ల తరబడి జైలు. మా చేతిలో ఉన్నది డాక్టరు కడగకుండా సీసాలో వేసి ఇచ్చిన తూటా ఒక్కటే.

అది హాలో పాయింట్ తూటా. అంటే ముక్కు దగ్గర చిన్న గుంట ఉంటుంది. ఒంట్లోకి దిగగానే తడి కండ ఆ గుంటలోకి తోసుకొచ్చి అంచులను విప్పదీస్తుంది. తూటా వెడల్పై అక్కడే ఆగుతుంది. దారిలో మందపాటి బట్ట అడ్డొస్తే, దాని ముక్క గుంటలో బిరడాలా బిగుసుకుపోతుంది. అప్పుడు తూటా విచ్చుకోదు. అందుకే తూటాల పనితనం పరీక్షించేవాళ్లు జెలటిన్ దిమ్మకు, అంటే కండ మెత్తదనం ఉండే ముద్దకు, ముందు బట్ట తగిలించి కాలుస్తారు. ఎక్కువగా వాడేది నాలుగు పొరల డెనిమ్, జీన్సు ప్యాంట్ల గుడ్డ. ఎవరి ఒంటి మీద బట్టకూ అది నకలు కాదు. ఏ తూటాకైనా గట్టి పరీక్షగా ఉంటుందని పెట్టుకున్న పద్ధతి.

మాకు వచ్చిన తూటా విచ్చుకోలేదు. గుంటలో బట్ట బిగుసుకుని ఉంది గానీ, ఏం వెతకాలో తెలియకుండా కదిపితే పొరల వరస చెడుతుందని దాన్ని అప్పుడే తీయలేదు. తమ్ముడు వేసుకున్నదానిలాంటి పాలియెస్టర్ ప్యాంటు గుడ్డ ఒక్కటే అడ్డుపెట్టి కాలిస్తే ప్రతిసారీ విచ్చుకుంది. డెనిమ్ పెడితే విచ్చుకోలేదు. కానీ ఆ రోజు గట్టు మీద జీన్సు ఎవరికీ లేదు. "నడుమున" అన్న మాటకు మేం బెల్టుకు తగిలించే తోలు సంచీ అనుకున్నాం. తూటా మీద తోలు జాడ కనిపించలేదు. అందుకే స్థలం చూడడానికి వెళ్లాం.

"తుపాకీ పెట్టుకునే సంచీ ఎలా ఉంటుందండీ మీ అన్నగారిది?" అని మాధవి గారు అడిగారు.

నాగేశ్వరరావు కర్ర మీద ఆనుకుని నవ్వాడు. "సంచీనా? మా అన్నయ్యకి రొంటే బీరువా అండీ. పొగాకు, తాళాలు, తుపాకీ, అన్నీ పంచె మడతలోనే. వదిన పెట్టే గంజికి ఆ పంచె మనిషి లేకపోయినా నిలబడుద్ది."

"రొంటిననా? మరి నడుమున అని రాశారేం రఘు గారూ?"

"రెండూ ఒకటే కదా మేడమ్!"

"ఒకటెలా అవుతాయండీ? నడుము ఒళ్లు. రొంటి బట్ట."

పంచె కట్టేవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. కట్టు అంచును నాలుగైదు మడతలు తిప్పి నడుముకు దోపితే అది రొంటి. ముందు కుచ్చిళ్ల పొరలు కూడా అక్కడికే చేరతాయి. మా ముగ్గురిలో పంచె కట్టేవాళ్లెవరూ లేరు.

ప్రయోగశాలకు తిరిగొచ్చి, గంజి పెట్టి ఆరబెట్టిన పాత పంచెను అలాగే మడిచి పిస్టల్ చుట్టూ బిగించాం. కొద్ది దూరంలో ప్యాంటు గుడ్డ తొడిగిన జెలటిన్ దిమ్మ పెట్టి కాల్చాం. తూటాలు విచ్చుకోలేదు. అప్పుడు కేసు తూటా గుంటలోని బట్టను సూదితో పొరలుగా తీశాం. పైన పాలియెస్టర్, దాని అడుగున నూలు పోగులు. ఆ పోగుల మీద అయోడిన్ చుక్క వేస్తే నీలం రంగు తేలింది. గంజికి అదే గుర్తు.

ఫలితం చూడడానికి ప్రయోగశాలకు వచ్చిన రఘు గారు వెంటనే అడ్డుపడ్డారు. "కట్టు కట్టింది కూడా ఆ పంచెతోనే కదండీ! పోగులు గాయంలోకి అప్పుడు పోయి ఉండొచ్చుగా?"

"పోతే పైన ఉండాలండీ, ప్యాంటు గుడ్డ కింద కాదు" అన్నాను. "పైగా ఇవి మసిబారి ఉన్నాయి. తుపాకీ మూతికి ఆనుకుని ఉన్న బట్టకే అంత మసి పడుతుంది."

"అంటే పొరపాటున పేలిందంటారు?"

"తూటా పంచె మడతల్లోంచి వచ్చింది. తీసి గురిపెట్టి కాల్చినది కాదు. అంతవరకే రాస్తాం. మనసులో ఏముందో బట్ట చెప్పదు."

డెనిమ్‌తో చేసే పరీక్ష ఒక తూటాను మరో తూటాతో పోల్చడానికి పనికొస్తుంది. మనిషి కేసులో మాత్రం అతను కట్టిన బట్ట ఏది, ఎలా కట్టాడు, ఏ నీళ్లలో ముంచి ఆరేశాడు అని అడగాలి. ఆ తర్వాత మా విభాగంలో బట్టల బీరువాలోకి పంచెలు, లుంగీలు, తువ్వాళ్లు వచ్చాయి.

నివేదిక ఇన్‌స్పెక్టర్‌కు అందిన రోజు సాయంత్రం ఆయన నాగేశ్వరరావును పిలిపించి సంగతి చెప్పారు. "చప్పుడుకి తలెత్తి చూశానండీ. అప్పటికే తుపాకీ అన్నయ్య చేతిలో ఉంది. తీసింది పేలాకేమో" అని అతను అన్నాడట.

మర్నాడు పొద్దున్నే రఘు గారు నాకు ఫోన్ చేశారు.

"సార్, అన్నదమ్ములిద్దరూ చెరువు దగ్గరున్నారండీ. బెయిలు షరతు ప్రకారం ఆయన తమ్ముడి దగ్గరికి వెళ్లకూడదు. తీరా చూస్తే తమ్ముడే వెళ్లాడు."

"మాట్లాడుకుంటున్నారా?"

"లేదండీ. మొహాలు అటొకటి ఇటొకటి. వల మాత్రం చెరో కొసా పట్టుకుని లాగుతున్నారు. ఇప్పుడు నన్నేం చేయమంటారు?"

"అది మా విభాగం కాదండీ" అన్నాను.