అట్ట మీది పాలపుంత

ఖగోళశాస్త్రంలో పీహెచ్‌డీ ఇంటర్వ్యూకి వెళ్తూ మెట్రోలోంచి అమ్మకి ఫోన్ చేశాను. "పాలపుంతని ఎప్పుడైనా కళ్ళారా చూశావా అనడిగితే ఏం చెప్పనమ్మా?" ఢిల్లీ పొగలో పుట్టి పెరిగినదాన్ని. నాకు తెలిసిన పాలపుంత ఒళ్ళో ఉన్న పుస్తకం అట్ట మీది బొమ్మే.

పక్క సీటులోని తెలుగు పెద్దాయన ఆ పుస్తకం అడిగి తీసుకున్నారు.

"ఆర్మీలో ఉండగా లద్దాఖ్‌లో చూశా బేటా. డేరాలోంచి బయటికొచ్చి తలెత్తానో లేదో, భయంతో ఒళ్ళు జలదరించి మళ్ళీ లోపలికి దూరిపోయా."

నవ్వుతారేమోనని చూశాను. నవ్వలేదు. బొమ్మ కనబడకుండా పుస్తకాన్ని బోర్లించి నా చేతికిచ్చారు.

పీహెచ్‌డీలో సీటొచ్చింది. నిరుడు చలికాలంలో, కొండమీది అబ్జర్వేటరీలో మొదటిసారి ఆరుబయటికొచ్చి తలెత్తి చూశాను.

వెంటనే లోపలికొచ్చి తలుపు గడియ పెట్టుకున్నాను.