ఆదివారం చొక్కాకు అంటిన బొగ్గు

ఇప్పుడంటే మా అమ్మాయి ఫోన్‌లో ఏవో వీడియోలు చూసి "నాన్న ఇంట్రోవర్ట్, నువ్వు ఎక్స్‌ట్రోవర్ట్" అని తేల్చి పారేస్తోంది గానీ, నేను కొత్త కోడలిగా సత్తుపల్లి వచ్చిన ఆ రోజుల్లో నాకు తెలిసిన మనుషులు రెండే రకాలు. మాట్లాడేవాళ్లు, ఏదో దాచేవాళ్లు. మా ఆయన రెండో రకం. ఓపెన్‌కాస్ట్ గనిలో బొగ్గు ఎత్తిపోసే పెద్ద యంత్రం, షావెల్ ఆపరేటర్. నేనేమో ఇల్లందు వైపు గని కార్మికుడి కూతురిని, అందరూ ఒకేసారి మాట్లాడే ఇంట్లో పెరిగినదాన్ని. కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే మా మేక రాణి మా నాన్న డ్యూటీ బెల్టును నమిలి మింగేసిన కథంతా అభినయంతో సహా ఆయనకు చెప్పాను. అంతా విని "ఊఁ" అన్నాడు. అంత పెద్ద కథకు ఒక్క ఊఁ! (మీరే చెప్పండి, అనుమానం రాదా?) అసలు విన్నాడో, మనసు ఇంకెక్కడో పెట్టాడో తెలియక ఆ రోజంతా ఉడికిపోయాను.

కొన్నాళ్లకు ఆదివారాలు కూడా డ్యూటీకి వెళ్లడం మొదలుపెట్టాడు. (సెలవునాటి డ్యూటీని మా వైపు ప్లే డే అంటారు. పేరే గానీ అందులో ఆటలేమీ ఉండవు.) పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్లి, మధ్యాహ్నం దాటాక ప్రశాంతంగా తిరిగొచ్చేవాడు. గనికి పోయిన మనిషికి ఆ ప్రశాంతత ఎక్కడిది? పైగా బట్టలు ఉతికేది నేను. ఆదివారం చొక్కా కాలర్ మీద నలుసంత బొగ్గు లేదు. "ఏమయ్యా, ఇయ్యాల బొగ్గు గూడ సెలవు పెట్టిందా?" అని అడిగాను. "దుమ్ము తక్కువుంది" అన్నాడు. మర్నాడు కాదు, పై ఆదివారం చూద్దును గదా, కాలర్ నల్లగా నిగనిగలాడుతోంది! పాపం మనిషిని అనవసరంగా అనుమానించానే అని నన్ను నేనే తిట్టుకుంటూ బకెట్లో ముంచాను. ముంచగానే నలుపంతా నీళ్లలోకి దిగిపోయింది. గనిబొగ్గు అంత సులువుగా వదలదు, సబ్బు పెట్టి బండకేసి బాదినా జిడ్డులా పట్టుకునే ఉంటుంది. అమ్మ పక్కన కూర్చుని నాన్న బట్టలు ఉతికిన చేతులివి. ఇది కట్టెబొగ్గు. అంటే నోరు విప్పని మనిషి చొక్కాతో అబద్ధం చెప్పించాడన్నమాట.

మా ఎదురింట్లో టైలర్ మాస్టర్ భార్య ఉండేది, ఖాలా (అంటే పిన్ని) అని పిలిచేదాన్ని. మాటల్లో నాకు సరిజోడు. చొక్కా సంగతి చెప్పి ఘొల్లుమన్నాను. ఆమె నన్ను ఓదార్చబోయి మధ్యలోనే ఆగిపోయింది.

"కట్టెబొగ్గా? గీ బజార్ల కట్టెబొగ్గు ఇస్త్రీపెట్టె ఉన్నది మా దుకాణంలనే గద బేటీ! మా ఆయన గూడ ఆదివారం అర్జెంటు కుట్టుపని ఉందని పోతుండు!"

నాకు పేకాట అనిపించింది. ఖాలాకు తాగుడు అనిపించింది. ఇద్దరమూ పైకి అనని మూడో అనుమానం ఒకటి ఉంది. ఇంత మాట్లాడే పెళ్లాం ఇంట్లో ఉండగా ఇంకెవరి మాటలు కావాల్సొచ్చాయి ఈయనకు?

ఆ పై ఆదివారం ఇద్దరం కొంగులు బిగించి దుకాణానికి వెళ్లాం. షట్టర్ సగం దించి ఉంది. చెవులు ఆనించి నిలబడ్డాం. నవ్వు లేదు, గాజుల చప్పుడు లేదు, పేక ముక్కల చప్పుడూ లేదు. కిక్కురుమంటే దొరికిపోతామని మేమూ నోళ్లు మూసుకున్నాం. (అంతసేపు మాట్లాడకుండా ఉండటం మా ఇద్దరి జీవితాల్లో అదే మొదలు. ఖాలాకు చెమటలు పట్టాయి.) చివరికి ఆమే ఆగలేక "యా అల్లా, గింత సప్పుడు లేకుంట ఏం జేస్తుండ్రు వీళ్లు?" అంటూ షట్టర్ ఎత్తేసింది.

లోపల మాస్టర్ గుండీలు కుడుతున్నాడు. మా ఆయన స్టూలు మీద కూర్చుని జాకెట్లకు మిగిలిన దారప్పోగులు పీకుతున్నాడు. మధ్యలో రెండు చాయ్ గ్లాసులు. అంతే!

"ఏం మాట్లాడుకుంటుండ్రు?" అని అరిచాను.

"ఏం లేదు" అన్నాడు మా ఆయన. మాస్టర్ కూడా అవునన్నట్టు తలూపాడు.

ఇంటికొచ్చాక నాకు ఏడుపు ఆగలేదు. ఆడమనిషి ఉన్నా బాగుండేది, జుట్టు పట్టుకుని రెండు ఇచ్చేదాన్ని. నా మాటలు తప్పించుకోవడానికి పారిపోయిన మనిషిని ఏం చేయను? "నేనంటే ఇష్టం లేదా? నిజం చెప్పు, మా ఊరికి పోత" అన్నాను. అప్పుడు ఆయన మాట్లాడాడు. నేనెరిగినంతలో అదే ఆయన మొదటి ఉపన్యాసం.

"ఇష్టం లేకుంటే ఇంటికెందుకొస్త? వారమంతా షావెల్ మోత, సైరన్లు, పేలుళ్లు. ఇంటికొస్తే నువ్వు. నీ మాటలు నాకు మంచిగనే ఉంటయ్. కాకపోతే విన్నయన్నీ లోపట సర్దుకోవాలె గద, దానికి జర టైం గావాలె. నీకు జెప్తే ఏడుస్తవని జెప్పలే." కాస్త ఆగి, "మీ రాణి బెల్టు మింగినంక మీ నాయన తాడు కట్టుకొని డ్యూటీకి పోయిండు. గది గూడ యాదికుంది నాకు" అన్నాడు.

ఆ తాడు సంగతి నేనే మరిచిపోయాను!

అప్పటినుంచి ఒప్పందం కుదిరింది. ఆదివారం పూట నేను ఖాలా ఇంటికి వెళ్లి కడుపునిండా మాట్లాడతాను, ఆయన మా ఇంట్లో హాయిగా ఉంటాడు. మా ధాటికి తట్టుకోలేక మాస్టర్ కూడా గుండీల డబ్బా చంకన పెట్టుకుని మా ఇంటికే వస్తాడు. ఇన్నేళ్లలో ఆ ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారంటే, ఏం లేదు.

మొన్న నాకు గొంతు పోయింది. వారం రోజులు నోరు విప్పొద్దన్నాడు దవాఖానాలో డాక్టర్. ఇక ఈయనకు పండగే అనుకున్నాను, లోపల కొంచెం కుళ్లుకున్నాను కూడా. మొదటి రోజు సాయంత్రమే మనిషి కాలుగాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టాడు. టీవీ పెట్టాడు, తీసేశాడు. చివరికి నా పక్కన కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"మీ ఇంట్ల ఒక మేక ఉండె. దాని పేరు రాణి. ఒకనాడు గది మీ నాయన చెప్పులు నమిలింది..."

చెప్పులు కాదయ్యా, బెల్టు! చేతులు ఊపాను, నడుం చూపించాను. ఆయన చూడనట్టే కథ లాగించాడు. అన్నేళ్ల కిందటి తాడు గుర్తున్న మనిషికి బెల్టు గుర్తులేదా? నన్ను ఉడికించడానికే అలా చెప్పాడని నా అనుమానం. గొంతు వచ్చాక అడిగాను.

"ఊఁ" అన్నాడు.