మా మిద్దె మీద దొరికిన గాలి

ఖగోళ శాస్త్రానికి నా చేతుల మీదుగా ఒక ప్రమాదం జరిగింది. ప్రాణనష్టం లేదు గానీ, ఆ రోజు పోయిన నా పరువు మాత్రం ఇంతవరకు దొరకలేదు.

అప్పుడు నేను కొత్తగా ఉద్యోగంలో చేరి, సెలవురోజుల్లో చుక్కలు చూసే ఒక బృందం వెంట తిరిగేవాణ్ణి. నెప్ట్యూన్‌కు అవతల తిరిగే ఒక మంచులోకం ఆ శుక్రవారం దీపాలవేళ ఒక నక్షత్రానికి అడ్డం వస్తుందని తెలిసింది. ఆ లోకం మీద గాలి లేకపోతే చుక్క స్విచ్చి ఆపినట్టు టక్కున ఆరిపోతుంది. గాలి ఉంటే మెల్లగా మసకబారుతుంది. బృందం నడిపే మేడం తన టెలిస్కోపు నాకిస్తూ, ఈ అవకాశం పాడుచేస్తే మళ్లీ అడగొద్దని ముందే చెప్పారు.

చింతాద్రిపేటలో మా ఇంటి మిద్దె మీద టెలిస్కోపు పెట్టి, దాన్ని ల్యాప్‌టాప్‌కు తగిలించాను. సందెవేళ మిద్దెమీద ఏం పనని మా మేనత్త అడిగింది. ఆమెకు అర్థమయ్యేలా చెబుదామని, చుక్కకు గ్రహణం పడుతోందన్నాను. చూడండి, కొంప మునిగింది అక్కడే.

సమయం దగ్గరపడింది. సెకన్లు వినిపించే హెడ్‌ఫోన్లు చెవుల్లో, కళ్లు తెరమీద. ముక్కంటారా, మురుగు కంపు కొట్టే కూవం నది ఒడ్డున పెరిగిన ముక్కు చిన్నప్పుడే పదవీ విరమణ చేసింది. చుక్క మెల్లగా మసకబారింది, ఆరింది, మళ్లీ మెల్లగా వెలిగింది. అంటే గాలి ఉంది! వెంటనే బృందానికి కబురు పంపి, పత్రికలవాళ్లు వస్తే ఏ చొక్కా వేసుకోవాలా అని బీరువా ముందు నిలబడ్డాను.

ఆదివారం టి. నగర్‌లో మేడం ఇంట్లో అందరం చేరాం. మిగతా ఊళ్లలో చూసినవాళ్లందరికీ చుక్క టక్కునే ఆరిందట.

"మీ మిద్దె మీద నుంచి చూస్తేనే దానికి గాలి ఉందా?" అంటూ మేడం నా వీడియో పెట్టారు. ల్యాప్‌టాప్ శబ్దం కూడా పట్టుకుంటుందన్న సంగతి నాకు గుర్తే లేదు. ముందు రెండు దగ్గులు, తర్వాత మా అత్త గొంతు.

"రేయ్, చుక్కకు గ్రహణమంటివి కదా, పాపం. ఆడ కూడా రవంత సాంబ్రాణి చూపిస్తి, సరేనా?"

శుక్రవారం దీపం పెట్టగానే గదిగదికీ సాంబ్రాణి పొగ వేసే మనిషి, నా వెనకే మిద్దెక్కి టెలిస్కోపు ముందు కూడా తిప్పిందన్నమాట. నేను కనిపెట్టిన గాలి మా ఇంటి ధూపం. గదంతా నవ్వింది. మేడం కళ్లు తుడుచుకుని, టెలిస్కోపు నా దగ్గరే ఉంచుకోమన్నారు. అత్తకు పావుకిలో సాంబ్రాణి కూడా పంపారు.

ఆ రోజే గంభీరంగా ప్రమాణం చేశాను: ఏ లోకానికైనా గాలి ఉందని చాటే ముందు ఒకసారి వెనక్కి తిరిగి చూస్తానని. ఇంతవరకు మాట తప్పలేదు. ఇప్పుడు అత్త లేదు, చుక్కలన్నీ బుద్ధిగా టక్కునే ఆరిపోతున్నాయి. అయినా ప్రతిసారీ వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను.