నీళ్లు తేటపడేదాకా

ఈ ఏడాది మా పూల్ ఒక్క పూటలో తెరుచుకుంది. మా పూల్ అంటున్నానని నవ్వకండి, కువైట్‌లో ఎగైలా అనే పేటలోని ఈ ఇంట్లో పనికి చేరి పాతికేళ్లు దాటింది, ఏ మొక్కకి ఎన్ని నీళ్లు పొయ్యాలో, ఏ తలుపు ఎండాకాలంలో బిగుసుకుపోతుందో యజమానులకన్నా నాకే బాగా తెలుసు కనుక ఆ మాత్రం చనువు తీసుకుంటాను. పొద్దున్నే కంపెనీ మనిషి వచ్చాడు, నలభై ఏళ్ల ఈజిప్టు ఆయన, తాబేలంత యంత్రం ఒకదాన్ని నీళ్లలోకి వదిలి, తాను నీడన నిలబడి ఫోను చూసుకున్నాడు. అది అడుగంతా తిరిగి చలికాలం నాటి ధూళిని మింగేసింది. నన్ను చెయ్యి కూడా వెయ్యనివ్వలేదు, కుర్చీ వేసి కూర్చోమన్నారు. మధ్యాహ్నం నమాజు పిలుపు వినబడేసరికి అన్నీ అయిపోయాయి, మోటారు వెయ్యడం ఒక్కటే మిగిలింది. పని సరిగ్గా అక్కడ ఆగిపోయింది. ఎందుకు ఆగిందో చెప్పాలంటే నేను వచ్చిన మొదటి ఏడాది దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

మాది కోనసీమ. వేసవిలో కాలువలు కట్టేస్తారని, నీళ్లు పోయాక అడుగున బురద, తూడు, ఎవరో ఎప్పుడో పారేసుకున్న చెంబులు బయటపడతాయని నా ఈడు గోదావరి వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. మళ్లీ కాలువ వదిలిన రోజున కొత్త నీటికి ముందు పరుగెత్తుతూ రెండు ఊళ్లు దాటిపోయి, ఇంటికొచ్చి తన్నులు తిన్నవాళ్లు మీలోనూ ఉండే ఉంటారు. ఆ నీళ్లు ఎర్రగా, చిక్కగా ఉండేవి. మా అమ్మ కాస్త పసుపూ కుంకుమా నీళ్లలో వేసి దణ్ణం పెట్టుకుని, బిందె ముంచి తెచ్చి, పటిక ముక్క పట్టుకుని బిందెలో నాలుగు చుట్లు తిప్పి మూతపెట్టేది. మర్నాటికి మట్టంతా అడుక్కి దిగి పైన నీళ్లు అద్దంలా ఉండేవి. ఆ చుట్లు తిప్పడం నేను శ్రద్ధగా చూసేవాణ్ణి. మర్నాడు చెంబు ముంచేటప్పుడు బిందె కదలకుండా ఆవిడ ఎంత ఒడుపుగా ముంచేదో మాత్రం ఎన్నడూ చూడలేదు. సగం చదువంటే ఇదే.

నేను కువైట్ వచ్చింది ఫిబ్రవరిలో. ఏజెంటు ఆఫీసువాళ్లు నన్ను ఈ ఇంటి గుమ్మంలో దింపి వెళ్లిపోయారు. వంటింట్లో రాయచోటి అక్క ఒకావిడ ఉండేది, అప్పటికే ఆరేళ్లుగా ఇక్కడే పనిచేస్తోంది, అరబ్బీ గడగడా మాట్లాడేది. ఇంటాయన, అంటే నా వీసాకి పూచీ పడ్డ కఫీల్, పూల్ పని వచ్చా అని అడిగించాడు. కాలువలో ఈత కొట్టిన మనిషికి నీళ్ల సంగతి ఒకళ్లు నేర్పాలా అనుకుని, ఓ, అదెంత పని అనేశాను. బడాయి మా జిల్లా సొత్తు, దానికి విమానంలో వేరే బరువు కట్టించుకోరు. ఆ మాట అరబ్బీలోకి మార్చేముందు అక్క నావంక ఒక్కసారి అదోలా చూసింది. నచ్చని మనిషిని మూడు నెలల్లోపు ఆఫీసుకి తిప్పి పంపెయ్యొచ్చని, నాకు ముందున్న వాణ్ణి అలాగే పంపేశారని నాకు తర్వాత చెప్పింది. నాకింకా ఇఖామా, అంటే ఇక్కడ ఉండటానికి అనుమతి, కొట్టలేదు. ఊళ్లో మా ఆవిడ, ఏడాది నిండని పిల్ల ఉన్నారు. వెళ్లిన మూడు నెలలకే తిరిగొచ్చినవాడి కథ మా వైపు పదేళ్లపాటు అరుగుల మీద నడుస్తుంది, ఆ నవ్వులు తలుచుకుంటేనే నాకు అన్నం సయించేది కాదు.

ఈ దేశంలో చలికాలమంతా జనం ఎడారిలో ఖైమాలు, అంటే గుడారాలు, వేసుకుని గడుపుతారు. మార్చిలో అవి విప్పి ఇంటికి తెచ్చాక అందరి కళ్లూ పూల్ మీద పడతాయి. ఆ ఏడాదీ అలాగే పడ్డాయి. వచ్చే శుక్రవారం ఆడపడుచులూ పిల్లలూ భోజనానికి వస్తారు, ఆవేళ పూల్ తెరవాలి అని ఇంటాయన చెప్పాడు. నేను మైనప్పట్టా లాగి చూద్దును కదా, లోపల పచ్చటి పాచి, రేగాకులు, అడుగున జానెడు దుమ్ము. చచ్చానురా అనుకుని పనిలోకి దిగాను. మూడు రోజులు ఆకులు తోడి, గోడలు తోమి, మోటారు గదిలో మిగిలున్న క్లోరిన్ పోశాను. పచ్చదనమైతే పోయింది గానీ నీళ్లు బూడిదరంగుకి తిరిగి, మొదటి మెట్టు తర్వాత మరేమీ కనబడలేదు.

అప్పుడు గుర్తొచ్చింది అమ్మ పటిక. ఇంటి డ్రైవరు చేత ఫర్వానియాలో మనవాళ్ల కొట్టు నుంచి పెద్ద సంచీడు తెప్పించి, సగం నలగ్గొట్టి నీళ్లలో చల్లి, పొడుగుకర్ర బ్రష్షు పట్టుకుని పూల్ చుట్టూ తిరుగుతూ గురువారం సాయంత్రం దాకా నీళ్లు తిప్పాను. బిందె కాస్త పెద్దది, అంతే తేడా అనుకున్నాను.

శుక్రవారం తెల్లారి వెళ్లి చూస్తే నా కళ్లని నేనే నమ్మలేకపోయాను. అడుగున పలకల మధ్య గీతలు లెక్కపెట్టుకోవచ్చు, అంత తేటగా ఉన్నాయి నీళ్లు! పలకల మీద సన్నటి బూడిద పొర పరుచుకుని ఉంది గానీ దాన్నెవరు పట్టించుకుంటారు? అక్కని పిలిచి చూపించి చంకలు గుద్దుకున్నాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. అయితే నిలవ నీళ్లంటే మా వాళ్లకి సరిపడదు, నీరన్నాక పారాలి. చుట్టాలు వచ్చేసరికి గోడల్లోని గొట్టాల నుంచి నీళ్లు దూకుతూ ఉంటే ఎంత కళగా ఉంటుంది! అలా అనుకుని మోటారు వేసి, తోటలో కుర్చీలు సర్దడానికి వెళ్లాను.

అరగంట తర్వాత వచ్చి చూస్తే పూల్ నిండా బియ్యం కడుగు. అడుక్కి దిగిన మట్టంతా లేచి, నీళ్లు మునుపటికంటే అధ్వాన్నమయ్యాయి. పోనీ మోటారు కాసేపు తిరిగితే అదే సర్దుకుంటుందేమోనని ఇంకో గంట తిప్పాను, పటిక మడ్డి పట్టి ఫిల్టరు గొంతు పూడుకుపోయినట్టు మూలగడం మొదలెట్టింది. అక్క వంటింట్లోంచి వచ్చి చూసి నోటిమీద చెయ్యి వేసుకుంది. "ఏంది తమ్ముడా ఇది, ఇంత మజ్జిగ యాడ చిలికినావు? మామా చూసిందంటే నీ పని ఖలాస్!"

మామా, అంటే ఇంటావిడ, చూసింది, ఇంటాయనా చూశాడు, కార్లు దిగిన ఆడపడుచులూ చూశారు. పిల్లలు ఈత బట్టలతో వచ్చి గట్టు మీద వరసగా నిలబడ్డారు, వాళ్లలో ఈ ఇంటి ఐదేళ్ల పాప ఏడుపు లంకించుకుంది. ఇంటాయన నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు, భోజనాలయ్యాక ఆఫీసుకి ఫోన్ చేస్తానని మాత్రం అక్కతో అన్నాడు. తిడితే బాగుండుననిపించింది. నేను మోటారు గది గోడకి ఆనుకుని నిలబడి, ఊళ్లో బస్సు దిగి ఇంటిదాకా ఏ దోవన నడిస్తే తక్కువమంది ఎదురుపడతారా అని ఆలోచించాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, అప్పుడు ఏడ్చాను కూడా.

సరిగ్గా అప్పుడే పెద్ద మామా, అంటే ఇంటాయన తల్లి, చేతికర్ర పొడుచుకుంటూ వచ్చింది. అంతవరకూ ఆవిడ నాతో మాట్లాడింది లేదు. నీళ్లవంక చూసి, గోడ పక్కన సంచీలో మిగిలిన పటిక ముక్క తీసుకుని, వేళ్లతో నలిపి, నాలిక చివర తగిలించింది. షబ్బా, అని గట్టిగా నవ్వడం మొదలెట్టింది. వాళ్ల భాషలో పటికని అలా అంటారు. నవ్వీ నవ్వీ గట్టు మీదే కూలబడి, కొడుకునీ కూతుళ్లనీ దగ్గరికి పిలిచి ఏదో కథలా చెప్పసాగింది. అక్క నా పక్కన నిలబడి ఒక్కొక్క మాటే తెలుగులో చెప్పింది. ఆవిడ చిన్నప్పుడు ఈ దేశంలో కుళాయిలు లేవట, బస్రా వైపు నుంచి పడవల్లో నది నీళ్లు తెచ్చి అమ్మేవారట, ఆ మట్టి నీళ్లలో వాళ్లమ్మ షబ్బా తిప్పి జాడీ మీద మూతపెట్టి, నేను యల్లా, అంటే ఇక కానివ్వండి, అనేదాకా ఎవరైనా జాడీ తాకారో చెయ్యి విరగ్గొడతానని పిల్లల్ని బెదిరించేదట.

"నువ్వు జేసింది తప్పు గాదంట తమ్ముడా," అంది అక్క చివరికి, "తొందరపడినావంట, అంతే. ఆఫీసుకి ఫోనూ గీనూ ఏమొద్దంటాండాది."

సముద్రాలకి అవతల, ఏ సంబంధమూ లేని ఒక తల్లి మా అమ్మలాగే పటిక తిప్పిందన్న మాట విని నాకు ఒళ్లు జలదరించింది. ఆ క్షణాన ఆవిడ నాకు పరాయిది కాకుండా పోయింది.

పూల్ మళ్లీ శుక్రవారానికి వాయిదా పడింది. పెద్ద మామా మోటారు ఆపించి, గట్టు మీద కుర్చీ వేయించుకుని, రోజూ పొద్దుటి పూట వచ్చి కాపలా కూర్చుంది. నాకు శిక్షా పడింది లెండి, ఫిల్టరు డ్రమ్ములోని ఇసుకంతా డబ్బాలతో బయటికి తోడి, కడిగి, మళ్లీ నింపడానికి మూడు రోజులు పట్టింది. మడ్డి మళ్లీ అడుక్కి దిగాక, పక్కింట్లో పూల్ చూసుకునే ఆయన వచ్చి, దాన్ని కదపకుండా గొట్టంతో నేరుగా మురుగు కాలవలోకి లాగెయ్యడం చూపించాడు. అమ్మ చెంబు ముంచే ఒడుపు నాకు అప్పటికి అర్థమైంది. శుక్రవారం అందరూ వచ్చాక పెద్ద మామా మొదటి మెట్టు మీద పాదాలు పెట్టుకుని కూర్చుని, అలల్లేని ఆ నీళ్లని తీరిగ్గా చూసి, నావైపు తిరిగి యల్లా అంది. నేను మోటారు వేశాను. పాప అందరికంటే ముందు దూకింది. ఆ నెలాఖరుకి నా ఇఖామా వచ్చింది.

మరుసటి ఏడాది నుంచి పటిక అవసరం రాలేదు, మందులు వెయ్యడం నేర్చుకున్నాను. కానీ ఆ పద్ధతి అలాగే ఉండిపోయింది. ఎండలు మొదలయ్యేముందు ఆరేడు రోజులు నేను తోముతూ ఉంటే ఆవిడ కుర్చీలో కూర్చుని కబుర్లు చెప్పేది, నా అరబ్బీ అంతా ఆ గట్టు మీద నేర్చుకున్నదే. మొదట్లో సగమైనా అర్థమయ్యేది కాదు, అయినా తల ఊపేవాణ్ణి, అర్థం కాలేదని ఆవిడకి తెలిసినా చెప్పేది. మీ కాలువ ఇంకా వదల్లేదా అని ఏటా అడిగేది. జూన్‌లో అని నేను చెబితే, అన్నీ నాకే ఎందుకు గుర్తుండాలని విసుక్కునేది, మళ్లీ ఏడాది మళ్లీ అడిగేది. ఖర్జూరాలు, చిన్న గ్లాసుల్లో చాయ్ మధ్యలో వచ్చేవి. రాయచోటి అక్క కూడా వంట దించి వచ్చి కాసేపు నిలబడేది, ఆవిడ ఊరికి వెళ్లిపోయి పదేళ్లయింది, ఇప్పటికీ ఫోన్లో మజ్జిగ చిలికావా తమ్ముడా అనే పలకరిస్తుంది. నా కూతురి పెళ్లీ, మనవడి పుట్టుకా అన్నీ ఆ గట్టు మీద పెద్ద మామాకి చెప్పుకున్నవే. నీళ్లు తేటపడేదాకా మాకు చెయ్యగలిగింది మరొకటి ఉండేది కాదు, అందుకని మాట్లాడుకునేవాళ్లం.

పోయిన చలికాలంలో, ఖైమాలు ఇంకా ఎడారిలో ఉండగానే, ఆవిడ నిద్రలోనే వెళ్లిపోయింది. నిండు వయసు, బాధపడకుండా పోయింది, దానికి విచారించకూడదు.

అదీ సంగతి. ఈవేళ కంపెనీ ఆయన మోటారు గదిలో మీట దగ్గర నిలబడి, వెయ్యనా అన్నట్టు చూశాడు. ఐదేళ్ల వయసులో ఏడ్చిన ఆ పాప ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి, ఈ ఇంటి వ్యవహారాలన్నీ చూసుకునేది తనే, నన్ను అమ్మూ అంటుంది, అంటే బాబాయ్ అని. తను గట్టు మీద పెద్ద మామా ఖాళీ కుర్చీ వంక చూసి, తర్వాత నా వంక చూసి, చెప్పులు విప్పు అమ్మూ అంది. ఇన్నేళ్లలో ఆ నీళ్లలోకి బ్రష్షు చేత్తో పట్టుకుని దిగడమే గాని, ఊరికే కూర్చోవడానికి ఒక్కనాడూ దిగి ఎరగను. వద్దమ్మా అన్నాను, వినలేదు. ప్యాంటు పైకి మడిచి మొదటి మెట్టు మీద పాదాలు పెట్టుకుని కూర్చున్నాను. చల్లగా ఉంది. పిల్లలిద్దరూ చెరో పక్కనా చేరారు.

పనులు సులువయ్యాయి, మంచిదే, మా నడుములు ఆ డబ్బాల ఇసుక ఇక మొయ్యలేవు, ఆ యంత్రం మీద నాకు ఏ కోపమూ లేదు. దానికి తెలియంది ఒక్కటే, ఆరేడు రోజులు ఆలస్యం కావడంలోనే నాకు ఈ ఇంట్లో ఒక పెద్దదిక్కు దొరికింది. ఈ పిల్లలకి నీళ్లు ఎప్పుడూ తేటగానే ఉంటాయి, వాటి పక్కన కూర్చుని ఎదురుచూడాల్సిన పని వాళ్లకి పడదు. అందుకని నేనే కాస్త ఆలస్యం చేద్దామనుకున్నాను. పడవల్లో నీళ్లు తెచ్చుకున్న రోజుల గురించి, వాళ్ల ముత్తవ్వ నాకు చెప్పిన కథని, ఆవిడ నేర్పిన అరబ్బీలోనే మొదలుపెట్టాను. కంపెనీ ఆయన రెండుసార్లు గడియారం చూసుకున్నాడు, చూసుకోనిచ్చాను. జాడీ మీద మూతపెట్టడం దాకా చెప్పి, అలల్లేని నీళ్లలో నా పాదాలని ఒకసారి చూసుకుని అన్నాను, యల్లా.