ఫ్రాన్సు దారిలో ఆళ్లగడ్డ

ఫ్రాన్సుకు పోయి వచ్చిన నంద్యాల పంతులు అని నాకొక పేరు పడింది. చర్చిలో, బడిలో, ఆఖరికి మంగలి షాపులో కూడా ఆ ముచ్చట చెప్పమంటారు. రాయమని కూడా చాలామంది పోరుతున్నారు. నలభై రోజుల్లో నేను చూసిన ఊళ్లు, ఎక్కిన రైళ్లు, తిన్న రొట్టెలు రాస్తే ఒక పుస్తకం అవుతుంది. కానీ ఆ ప్రయాణంలో నిమిషం నిమిషం గుర్తున్నది ఒక్క రోజే. అది నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సులో పోయి వచ్చిన రోజు. పిల్లలను వెంటబెట్టుకుని పరదేశం పోవాలనుకునేవాళ్లు ముందు ఇది చదవండి. మిగతా సంగతులు టికెట్లు అమ్మే ఆఫీసువాళ్లు చెబుతారు.

నంద్యాలలో కొన్నేళ్లు నర్సుగా పనిచేసిన క్లేరమ్మ అనే ఫ్రెంచి దొరసాని సాయంత్రాలు నా దగ్గర తెలుగు నేర్చుకుంది. బదులుగా, నా వెంట వచ్చే మా పెద్దమ్మాయి సువార్తకు ఫ్రెంచి నేర్పింది. ఆమె తన దేశానికి వెళ్లిపోయాక కూడా ఉత్తరాలు ఆగలేదు. ఎనభైల మొదట్లో ఒక డిసెంబరులో వచ్చిన ఉత్తరం చదివి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. వేసవి సెలవుల్లో తండ్రీకూతుళ్లు ఇద్దరూ రండి, టికెట్లు మా సంఘం పంపుతుంది, లియోన్‌లో మా ఇంట్లో ఉండి దేశమంతా తిరగండి అని రాసింది.

సువార్తకు అప్పుడు పదమూడేళ్లు. పదో తరగతిలో అందరికంటే చిన్నది. రెండు వందల పేజీల నోటుబుక్కు కొనుక్కొచ్చి రోజుకొక పేజీ చొప్పున రాయడం మొదలుపెట్టింది. పారిస్‌లో ఐదు రోజులు, లియోన్‌లో పన్నెండు, తర్వాత అవిన్యోన్, ఆ తర్వాత మార్సేయి. క్లేరమ్మ పంపిన రైళ్ల టైమ్‌టేబుల్ దానికి కంఠతా వచ్చేసింది. మా పోట్లాటలు కూడా అప్పుడే మొదలయ్యాయి. నాకు పెద్ద పెద్ద చర్చిలు చూడాలని ఉంది, దానికి సముద్రం.

"చర్చిలు నంద్యాలలో లేవా నాయనా? సముద్రం ఉందా యాడన్నా?"

"మద్రాసులో ఉంది గదా."

"మద్రాసుకు ఎప్పుడన్నా తీస్కపోతివా?"

దానితో వాదించి గెలిచిన రోజు నాకు గుర్తులేదు. రెండు ఊళ్ల చర్చిలు కొట్టేసి మార్సేయికి మూడు రోజులు ఇచ్చాను. గోంగూర పచ్చడి జాడీతో తీసుకుపోదామంటే, "జాడీ సంకన పెట్టుకోని పారిస్‌లో తిరుగుతామా, సిగ్గు గాదా?" అంది. చివరికి పచ్చడికి ఒప్పుకుంది, జాడీకి ఒప్పుకోలేదు. ఆ రెండు నెలలు మా ఇంట్లో పండగలాగే గడిచాయి.

ఇద్దరి పాస్‌పోర్టు కాగితాలూ ఒకేసారి పంపాను. ఫిబ్రవరి మొదట్లో నాది వచ్చింది, దానిది మాత్రం రాలేదు, కాగితాలే వెనక్కి వచ్చాయి. పుట్టిన తేదీకి రుజువుగా బడి సర్టిఫికెట్ ఒక్కటి పెడితే సరిపోయేది. ఒకటి అడిగితే రెండు ఇవ్వడం నాలాంటి పంతుళ్లకు ఉన్న జబ్బు. బాప్తిస్మం సర్టిఫికెట్ కూడా జతచేశాను, రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు. వాటి మధ్య ఏడాదిన్నర తేడా ఉంది. ఏది నిజమో తేల్చి, సరిచేసిన కాగితం పంపమని రాశారు.

ఆ శనివారం నేను సెలవు పెట్టాను, దాన్ని బడి మాన్పించాను. పొద్దున ఏడుంబావుకు నంద్యాల బస్టాండు చేరుకున్నాం. ఏడున్నర బస్సు ఎనిమిదికి కదిలింది. సువార్త మొదట చదివిన బడి శిరివెళ్లకు రెండు మైళ్లు ఇవతల, రోడ్డు పక్కనే ఉన్న ఒక చిన్న పేటలో ఉంది. నా ఉద్యోగం కూడా అక్కడే మొదలైంది. ఇద్దరికీ కలిపి టికెట్టు నాలుగు రూపాయల లోపే. గోస్పాడు నుంచి వచ్చి నంద్యాలలో బస్సు మారిన ఒక ముసలామె మా పక్కన కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తూ దీన్ని పలకరించింది.

"యాడికి పాపా పోతాండేది?"

"పేటకు. ఆన్నుంచి ఆళ్లగడ్డకు. ఆ తర్వాత ఫ్రాన్సుకు."

"అదేం ఊరో నేను ఇనలే. ఆళ్లగడ్డ మీంచే పోవల్లనా దానికి?"

"ఈసారికి అంతే అవ్వా" అని నవ్వింది సువార్త. ముసలామె దాని ఒళ్లో గుప్పెడు కాయలు పోసింది.

తొమ్మిదికి పేటలో దిగాం. ఒకే గది, ఒకే పంతులు ఉన్న బడి. అప్పటికి అక్కడ రమణయ్య అనే కుర్రవాడు పనిచేస్తున్నాడు. నా పేరు విని లేచి కుర్చీ ఇచ్చాడు. పాత అడ్మిషన్ రిజిస్టరు తీసి, దుమ్ము దులిపి, పేజీ వెతికి మా ముందు పెట్టాడు. సువార్త పేరు, పుట్టిన తేదీ, పక్కన పంతులు సంతకం. తేదీ రాసిన చెయ్యీ సంతకం చేసిన చెయ్యీ నావే.

"నువ్వే రాసినావు గదా నాయనా, మరి తప్పెట్ల రాసినావు?" అని అడిగింది.

పరాయి మనిషి ముందర చెప్పాల్సి వచ్చింది. ఆ ఏడు బడిలో పద్దెనిమిది మంది పిల్లలే ఉన్నారు. ఇరవై లేకపోతే బడి ఎత్తేస్తామని పైనుంచి మాట వచ్చింది. బడి పోతే పేట పిల్లలకు చదువు పోతుంది, నన్ను ఎక్కడికో విసిరేస్తారు. ఇనస్పెక్టరు వచ్చే ముందు రోజు పేటలో ఒక నాలుగేళ్ల పిల్లాణ్ణీ, ఇంట్లో మూడున్నరేళ్ల మా పిల్లనూ ఐదేళ్లని రాసి లెక్క నింపాను. ఆ రోజుల్లో చాలామంది పంతుళ్లు చేసిన పనే. పిల్లలు ఉత్తినే పెద్దవాళ్లయితే ఎవరికి నష్టమని అనుకునేవాళ్లం. నేను రాసిన సంగతి నేనే మరిచిపోయి తొమ్మిదేళ్లు దాటింది.

సువార్తకు కోపం రాలేదు. "పెద్ద పిల్లోళ్లు నన్ను బలపం ముక్కలకు ఏడిపిచ్చేది అందుకేనా?" అని నవ్వింది. అది తిట్టి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

రమణయ్య గొంతు తగ్గించాడు. "సార్, తేదీ తప్పుగా నేనే రాసినా అని మీరొక కాగితం రాసియ్యండి. నేను నా మాట కూడా రాసి ఈ పొద్దే పైకి పంపుతా. మార్చి లోపల ఆర్డరు వస్తాది. పాప పోయేది ఏప్రిల్ నెలాఖరుకు గదా, సరిపోతాది."

"నా మీద ఏమన్నా వస్తుందా అప్పా?"

"అబద్ధం ఎందుకు చెప్పల్ల సార్. మెమో వస్తాది, సర్వీసు బుక్కులో ఎక్కుతాది. ఉద్యోగానికేం గాదు. ప్రమోషన్ ఆగొచ్చు."

ఆ జూన్‌లో నాకు హెడ్మాస్టరు ప్రమోషన్ రావాల్సి ఉంది. జాబితాలో నాది మొదటి పేరు. పద్నాలుగేళ్లుగా దానికోసమే ఎదురుచూస్తున్నాను. ముందు ఆళ్లగడ్డలో పాస్టరు అయ్యగారిని చూసి వస్తామన్నాను. "ఇప్పుడే రాయొచ్చు గదా నాయనా" అని సువార్త తెల్లకాగితం నా వైపు జరిపింది. తొందరేముంది, వచ్చేటప్పుడు రాద్దామని లేచాను. సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను, బస్సు ఆపి దిగండి అన్నాడు రమణయ్య.

పదిన్నర దాటాక బస్సు దొరికింది. ఆళ్లగడ్డలో దిగేసరికి పదకొండున్నర. బస్టాండు పక్క హోటల్లో ఉగ్గాని, బజ్జీ తిన్నాం, బాగా వేడిగా ఉన్నాయి. అక్కడి నుంచి రోడ్డు పొడుగునా శిల్పులు రాళ్లు చెక్కుతున్నారు, ఉలి చప్పుళ్లకు మాట వినపడదు. సువార్త ఒక కొట్టు ముందు ఆగి క్లేరమ్మ కోసం పిడికెడంత రాతి ఏనుగును బేరమాడింది. "దీని బరువుకు నీ చెప్పులు తగ్గిచ్చుకో, నా బట్టలు తగ్గియ్యను" అని నాతో ముందే ఒప్పందం చేసుకుంది. ఆ ఏనుగు తర్వాత నా పెట్టెలోనే లియోన్ చేరింది.

పన్నెండున్నరకు అయ్యగారి ఇంటికి వెళ్లాం. సువార్తకు బాప్తిస్మం ఇచ్చింది ఆయనే. డెబ్బై దాటిన మనిషి, చూపు తగ్గింది, చెవులు బాగానే పనిచేస్తున్నాయి. మజ్జిగ తాగించి సంగతి విన్నారు. బడిలో ఉన్న తేదీతో ఇంకొక సర్టిఫికెట్ రాసిస్తే మా పని అయిపోతుందని చేతులు కట్టుకుని అడిగాను. ఆయన పెద్ద పుస్తకం తెరిచి ఆ పేజీ నా ముందర పెట్టారు.

"పంతులూ, ఇది నేను దేవుని ముందర రాసింది. ఒక్క అక్షరం మార్చను. నువ్వు బడిలో రాసింది ఎవరి ముందర రాసినావో ఆన్నే పోయి దిద్దుకో. దారి లేదంటే వేరే సంగతి. దారుండాది గదా, భయమెందుకు నీకు?"

సువార్త ఆయన ముందు తల వంచింది, ఆయన ప్రార్థన చేసి పంపారు. బస్టాండుకు నడుస్తున్నంతసేపూ సువార్తే మాట్లాడింది. కాగితంలో ఏమని రాయాలో నాకు చెబుతూ వచ్చింది. "పొరపాటున రాసినానని రాయి నాయనా, కావాలని రాసినానని ఎందుకు రాస్తావు?" అంది. నా ఉద్యోగాన్ని ఎలా కాపాడాలా అని కూడా పాపం అదే ఆలోచిస్తోంది.

మూడుముక్కాలు బస్సులో వెనక సీట్లు దొరికాయి. శిరివెళ్లలో సగం బస్సు ఖాళీ అయింది. అక్కడి నుంచి రెండు మైళ్లు. కండక్టరు తలుపు దగ్గర నిలబడి కేకేశాడు.

"పేటలో దిగేటోళ్లు ఉండారా?"

సువార్త అప్పటికే చెప్పులు తొడుక్కుంది. నేను కదల్లేదు. బస్సు నెమ్మదించింది. రమణయ్య బడి బయట కుర్చీ వేసుకుని రోడ్డుకేసి చూస్తూ కూర్చున్నాడు.

"సార్, దిగేటోళ్లు ఎవరన్నా?" అని కండక్టరు మళ్లీ అడిగాడు. పిల్ల నా చెయ్యి పట్టుకుంది. అతను పోనిమ్మని బెల్లు కొట్టాడు.

ఆ కాగితం తర్వాత కూడా రాయలేదు. ఆ జూన్‌లో నేను హెడ్మాస్టరునయ్యాను. అంతకు ముందే దాని చేతిరాత ఉన్న నోటుబుక్కు పట్టుకుని, అది రాసిన రైళ్లే ఎక్కి, అది రాసిన ఊళ్లే ఒంటరిగా తిరిగి వచ్చాను. ఫ్రాన్సు చాలా అందమైన దేశం, మనుషులు మర్యాదస్తులు, రైళ్లు చెప్పిన నిమిషానికి వస్తాయి. మరుసటి చలికాలం క్లేరమ్మ కాలం చేసింది, ఇంకొకరు పిలవలేదు. సువార్త ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటోంది. ఆ రోజు గురించి ఇన్నేళ్లలో ఒక్క మాట అనలేదు. ఒక్క కాగితం రాసి ఉంటే మహా అయితే ఒక ప్రమోషన్ పోయేది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను పిరికివాణ్ణి, ఆ పిరికితనానికి నా పిల్ల మూల్యం చెల్లించింది.

ఆ రోజు పేట దాటిన బస్సు నంద్యాల దగ్గరపడుతుండగా సువార్త నా వైపు తిరిగింది.

"నాయనా, నీది వచ్చింది గదా. నువ్వు పోయిరా. నేను ఇంకోసారి పోతాలే."

"సరేమ్మా" అన్నాను.

వద్దని నేను ఒక్కసారి కూడా అనలేదు. నువ్వు లేకుండా ఎట్ల పోతానని మాటవరసకైనా అనలేదు. నేను ఇంకేమన్నా అంటానేమోనని అది కాసేపు నా ముఖం చూస్తూ ఉంది. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.