ఊరి పరువు కోసం తిన్న వెన్న

తొమ్మిది ఆవులు, నలభై ఎనిమిదేళ్ళ వయసు, రోజుకు పది మాటలు. ఫిన్లాండులోని ఉత్తర కరేలియా పాడిరైతు తావెట్టి పుర్మోనెన్ ఆస్తి అంతే. ఆ పది మాటల్లో ఆరు ఆవులకే పోయేవి. రొట్టె కొరికితే వెన్న మీద పళ్ళ గుర్తులు పడాలి. అంతకన్నా పల్చగా రాస్తే ఆవును అవమానించినట్టేనని ఆయన నమ్మకం.

వాళ్ళ నాన్న యాభై ఒకటో ఏట అడవిలో చెట్టు కొడుతూ గుండె ఆగి పోయాడు. అన్న నలభై తొమ్మిదికే ఆవిరిస్నానం గదిలో బల్ల మీద నుంచి లేవలేదు. మావాళ్ళు మంచాన పడరని తావెట్టి గొప్పగా చెప్పుకొనేవాడు. భార్య హిల్యకు అందులో గొప్పేమీ కనిపించలేదు. ఆయన కొట్టంలో కాస్త ఆలస్యం చేస్తే చాలు, ఏదో పని కల్పించుకొని వెళ్ళి చూసి వచ్చేది.

ఆ సంవత్సరం ఊళ్ళ మధ్య కొలెస్టరాల్ పందెం పెట్టారు. మార్చిలో అందరి రక్తం పరీక్షిస్తారు, రెండు నెలలయ్యాక మళ్ళీ పరీక్షిస్తారు. సగటున ఎవరికి ఎక్కువ తగ్గితే ఆ ఊరిది గెలుపు. అంతకు ముందే మంచుజారుడు పోటీలో పక్క ఊరివాళ్ళు వీళ్ళను చిత్తుగా ఓడించి ఉన్నారు. తావెట్టి బుర్ర గోక్కున్నాడు. తగ్గడమే లెక్కయితే ముందు బాగా పెరగాలి కదా! వెంటనే ఊరి పరువును భుజాన వేసుకొని, పరీక్షకు వారం ముందు నుంచి వెన్న రెట్టింపు చేశాడు. కాఫీలో మీగడ పోసుకున్నాడు. మోసం చేయడం చేతకాదు గానీ తినడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య.

వాళ్ళ కొలతలో ఐదు దాటకూడని అంకె తొమ్మిదిన్నర వచ్చింది. చిన్నప్పుడు ఆయనకు టీకాలు వేసిన నర్సు ఔనె ఆ కాగితం చూసి కూర్చోమంది.

"పక్క ఊళ్ళో ఇంత ఎవరికైనా ఉందా అక్కా?" అన్నాడు తావెట్టి ఆశగా.

లేదంది. ఆమె ముఖం చూశాక దాచుకోలేక, వారం రోజుల వెన్న సంగతి చెప్పేశాడు. అది తీసేస్తే ఆరో ఏడో ఉంటుందన్నాడు.

"వారం తిండికి ఇంత పెరగదురా," అంది ఔనె. "ఏదో కాస్త పెరిగి ఉంటుంది. మిగతాదంతా నీదే. ఏళ్ళ తరబడి రక్తనాళాల గోడలకు పేరుకుంటోంది. మీ నాన్నకూ, అన్నకూ అయింది ఇదే. కొంత మీ వంశం, కొంత నీ కంచం. డాక్టరు మాత్ర రాస్తాడు, కంచం సంగతి నువ్వు చూసుకో."

తావెట్టికి జీవితంలో మొదటిసారి చచ్చిపోతానని భయం వేసింది. ఇంటికెళ్ళి ఆ మాటే హిల్యతో చెప్పాడు. ఆ రోజు ఆవులకు ఒక్క మాటా మిగల్లేదు.

రెండు నెలలు మాత్ర మింగాడు, చేపలూ క్యాబేజీ తిన్నాడు. వెన్న తీసిన పాలను, ఆవును దూరం నుంచి చూసిన నీళ్ళు అని తిట్టుకుంటూనే తాగాడు. మే నెలలో అంకె ఆరుకు దిగింది. ఊరు గెలిచింది. వేడుకకు ఊరి ఆడవాళ్ళు మీగడ కేకు చేశారు, మొదటి ముక్క తావెట్టికే ఇచ్చారు.

"పందెం అయిపోయింది కదా, గెలిచాం కదా," అన్నాడు హిల్య వైపు చూస్తూ.

"ఊరు గెలిచిందయ్యా. నేనింకా గెలవలేదు," అంది హిల్య. "నాకు నీతో కలిసి ముసలిదాన్ని కావాలని ఉంది."

తావెట్టి పళ్ళెం పక్కకు జరిపి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఒక మగవాడు నలుగురిలో అలా చేయడం ఆ ఊరు చూడటం అదే మొదలు.