బోర్లించిన పడవ, ఒడ్డున తల్లులు

డ్రిల్ సారు పోయారన్న కబురు మా ఇంటికి తెచ్చింది మా మరిది కొడుకు నాగేశ్. పటాన్‌చెరు ఫ్యాక్టరీలో డ్యూటీ ముగించుకుని, బస్సు దిగి, తిన్నగా వాకిట్లోకి వచ్చి నిలబడి, "పెద్దమ్మా, సార్ పోయిండు. పొద్దుగాల గుండె ఆగిందట" అన్నాడు. నేను కూర తరుగుతున్నాను. వాడి తల్లి, అంటే నా తోడికోడలు, చాటలో బియ్యం చెరుగుతోంది. ఆమె చెయ్యి ఆగలేదు.

"పోయిండా? సరే. రెండు రొట్టెలు తిని పో. ఆడ నీకెవరు పెడతరు" అంది.

ఆమెకు ఆయన మీద కోపం పోలేదు. పోవాలని నేను అనను కూడా. అయినా ఆయన గురించి రాయడానికి కూర్చున్నాను. సారు వయసు మీదపడి మానుకున్న పడవ జట్టుకు హైస్కూలులో ఇప్పుడు కొత్త మాష్టారు పేర్లు రాసుకుంటున్నాడట. కొడుకులను చేర్చాలనుకునే తల్లులు, "మీ పిల్లలు చేసిన్రు గదా, ఎట్లుంటది?" అని నన్ను అడుగుతున్నారు. వాళ్లకు చెప్పేదంతా ఆ ఒక్క మనిషి దగ్గర నేర్చుకున్నదే.

సంగారెడ్డి బజారులో మాది ధాన్యం దుకాణం. అన్నదమ్ములిద్దరూ ఒకే ఇంట్లో ఉంటాం. నా కొడుకు సుదర్శన్, నా తోడికోడలి కొడుకు నాగేశ్ నెలల తేడాతో పుట్టి, ఒకే కంచంలో తిని పెరిగారు. వాళ్లు హైస్కూలుకు వచ్చేసరికి మంజీర మీద కట్ట పూర్తయి, దాని వెనక నీళ్లు నిలిచాయి. పటాన్‌చెరు వైపు అప్పుడప్పుడే ఫ్యాక్టరీలు లేస్తున్నాయి. అందులో ఒక పెద్ద ఆఫీసరుకు పడవ పందేల పిచ్చి. పట్నంలో ఎవరో వాడి వదిలేసిన రెండు పడవలను లారీలో తెప్పించి మా బడికి ఇచ్చాడు. నలుగురు తెడ్లు వేస్తే, ఐదోవాడు వెనక కూర్చుని దారి చూపించే పడవలు అవి. మిలిటరీలో చేసి వచ్చిన డ్రిల్ సారుకు ఆ జట్టును అప్పగించారు.

సారు పొట్టిగా, బక్కగా ఉండేవారు. ఖాకీ నిక్కరు, మెడలో ఈల, బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం. దుకాణానికి వచ్చి నాలుగు లవంగాలు కొనేవారు, అంతకు మించి ఎప్పుడూ కొనలేదు. "ఎక్కువ తీసుకపోరాదు సారూ" అని మా వారు అంటే, "ఎక్కువుంటే ఎక్కువ నములుతం సేటూ" అనేవారు. మా పిల్లలను జట్టులో చేర్చుకోమని అడిగిన రోజు వాళ్లిద్దరినీ కిందికీ పైకీ చూసి, "సేటూ, నీ పిల్లలను గట్టిగ తూకమేస్త. తరుగు మస్తు పోతది మరి" అన్నారు. మా వారు నవ్వారు. ఆయన నవ్వలేదు.

తరుగు పోయింది. తెడ్డు పట్టిన వారానికే అరచేతులు బొబ్బలెక్కి చిట్లుతాయి. తల్లులం రాత్రి వెన్న రాసి పడుకోబెట్టేవాళ్లం. సారు పొద్దున బడి గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కడి చెయ్యి వాసన చూసేవారు. వెన్న వాసన వస్తే అందరి ముందూ ఆ చేతులను ఇసుకతో రుద్దించి, ఉప్పునీళ్లలో ముంచేవారు. పిల్లవాడు ఏడిస్తే, "ఏడువు. మీ అమ్మకు ఇనపడేదాక ఏడువు" అనేవారు. అది విని నేను వెన్న మానేశాను. నెలలోపు సుదర్శన్ చెయ్యి చెప్పు అడుగులా గట్టిపడింది. మానని తల్లుల పిల్లలకు ఏడాదంతా పచ్చిపుండ్లే. చేర్చాలనుకునేవాళ్లు ముందుగా తెలుసుకోవలసింది ఇది. బొబ్బను ఎండనివ్వండి. పిల్లవాడు తిట్టుకున్నా ఎండనివ్వండి.

అసలు పరీక్ష మాత్రం పిల్లలకు కాదు. జట్టులో పేరు ఎక్కాలంటే తల్లి వచ్చి మంజీర ఒడ్డున కూర్చోవాలి. పడవలో కొత్త పిల్లలను ఎక్కించి, లోతు దగ్గరకు తీసుకుపోయి, పక్కనే జాలరుల గుండ్రటి పుట్టిలో నిలబడి సారు తన చేత్తోనే పడవను బోర్లిస్తారు. పిల్లలు పైకి రావడానికి ఒక ఈల, తల్లులు లేవడానికి ఇంకో ఈల. తల్లులకు ఈల వేసేదాకా ఒడ్డున ఏ తల్లీ లేవకూడదు. లేస్తే ఆమె కొడుకు పేరు కొట్టేస్తారు. తండ్రులు రావచ్చు, లేవచ్చు, వాళ్లతో ఆయనకు పని లేదు. "మొగోనికి ఈతొస్తే దిగుతడు, రాకుంటే దిగడు. తల్లి అట్ల సూడదు" అనేవారు.

మొదటి ఏడు మేమిద్దరమూ వెళ్లాం. గోనెసంచి పరుచుకుని కూర్చున్నాం. సారు మా ముందు నిలబడి, "అమ్మలారా, నాకు పిల్లలను తీసుడొస్తది. చీరెల మనిషిని తీసుడు రాదు. ఒక్కసారి తీయలేకపోయిన" అని, ఇంకేమీ చెప్పకుండా పుట్టి ఎక్కారు.

పడవ తిరగబడింది. నీళ్ల మీద దాని కడుపు తేలింది. ఒక్క తల కూడా కనిపించలేదు. నా పక్కన గాలి కదిలినట్టయింది. చూసేసరికి నా తోడికోడలు నడుము లోతులో ఉంది. "ఓ నాగేశా!" అని ఒక్క కేక. మరుక్షణం చీర బుడగలా లేచి, మనిషి మునిగిపోయింది. సారు పుట్టిని తిప్పి, నీళ్లలోకి దూకి, జుట్టు పట్టుకుని ఆమెను ఒడ్డుకు ఈడ్చుకొచ్చారు. ఆమె బోర్లా పడి నీళ్లు కక్కుతుంటే, అక్కడ బోర్లించిన పడవ లోపలి నుంచి పిల్లల గొంతులు సన్నగా వినిపించాయి. వాళ్లు పదమూడో ఎక్కం చదువుతున్నారు.

పడవ బోర్లాపడితే లోపల గాలి నిలుస్తుందని, తల పైకెత్తుకుని ఎంతసేపైనా ఉండవచ్చని పిల్లలకు ముందే నేర్పారట. మాకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని ఒక తండ్రి అడిగితే, "చెప్తే పరీక్షేముంది?" అన్నారు.

ఈల వినగానే నాగేశ్ నవ్వుకుంటూ పైకి వచ్చాడు. ఒడ్డు చేరాక, పేరు పోయిందని తెలిసింది.

ఆ రోజు ఇంట్లో మా అత్తమ్మ నన్ను అన్నం తిననివ్వలేదు. "చిన్నామె ఉరికింది, కన్నతల్లి. నువ్వు కూసున్నవు. నీ రొమ్ముల గుండెనా, తూకపు రాయా?" అని అడిగింది. నాగేశ్ మాత్రం వాళ్లమ్మ వైపే చూస్తూ, "ఆ దినం నీ కాళ్లు ఇరిగినా బాగుండు" అన్నాడు. నా తోడికోడలు తలవంచుకుని, "అవురా" అంది.

ఆ ఏడంతా సుదర్శన్ పడవ ఎక్కాడు, నాగేశ్ ఒడ్డున వాడి చెప్పులు, చొక్కా పట్టుకుని నిలబడ్డాడు. తెడ్లు మోయడానికి సారు వాడిని రానిచ్చారు. మోసినవాడిని ఒక్కసారి కూర్చోనివ్వవచ్చు కదా అని ఎవరైనా అంటే, "కూసోబెడితే వాళ్లమ్మ మల్ల దిగుతది. దిగినామె మల్ల దిగుతది" అనేవారు. పట్నంలో పందేలకు జట్టు పోయిన రోజు నాగేశ్ దుకాణంలో గోనెల మీద పడుకుని, గోడ వైపు తిరిగి, సాయంత్రం దాకా లేవలేదు. వాడికి కావలసింది ఆ పడవలో ఒక చోటు. అంతే.

అప్పుడు నాకు ఒక ఉపాయం తోచింది. ఉమ్మడి ఇంట్లో పెద్దమ్మ కూడా తల్లే కదా. నాగేశ్‌ను వెంటబెట్టుకుని బడికి వెళ్లి, "సారూ, వీనికి తల్లిగ నేనొచ్చి కూసుంట" అన్నాను. ఆయన లవంగం ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చారు.

"నువ్వు కూసుంటవమ్మా. నాకెరుకనే. రేపు నిజంగ పడవ బోర్లాపడ్డనాడు వీని కోసం ఉరికొచ్చేది నువ్వు కాదు గద. ఆమెను తోలుకరా."

రెండో ఏడు ఆమె వచ్చింది. లోపల గాలి ఉంటుందని ఇప్పుడు ఆమెకూ తెలుసు. అయినా గోనెసంచి మీద కూర్చోగానే చీర కొంగు నా కిందికి తోసి, "గట్టిగ కూసో అక్కా. నేను లేస్తే గుంజు" అంది. సారు అది చూశారు. దగ్గరకు వచ్చి వంగి, నా కింది నుంచి ఆ కొంగును తనే లాగి ఆమె ఒళ్లో పడేశారు.

"కట్టేస్తే బర్రె గూడ కూసుంటది" అన్నారు.

పడవ తిరగబడింది. కడుపు తేలింది. ఎక్కం మొదలైంది. నా తోడికోడలు నా మణికట్టు పట్టుకుని, "గాలుంటది. సుదర్శన్ చెప్పిండు. లోపట గాలుంటది" అని జపం చేస్తోంది. పిల్లలకు ఈల పడింది. ఒక తల వచ్చింది, ఇంకో తల వచ్చింది, మిగతావీ వచ్చాయి. నాగేశ్ తల రాలేదు.

"గాలుంటది అక్కా. ఉంటది గద?"

"ఉంటది" అన్నాను.

సారు చొక్కాతోనే దూకారు. కాళ్లు జారకుండా పడవలో బిగించే తోలుపట్టీలో వాడి పాదం ఇరుక్కుంది. పడవ ఒకవైపు ఒరిగి, ఉన్న గాలి కాస్తా పోయింది. సారు ఒకసారి పైకి వచ్చి, ఊపిరి తీసుకుని, మళ్లీ మునిగారు. నా మణికట్టులో ఆమె గోళ్లు దిగాయి. ఆమె లేవలేదు. రెండోసారి ఆయన పిల్లవాడితోనే పైకి వచ్చారు. ఒడ్డున బోర్లా వేసి వీపు నొక్కితే నీళ్లు పడ్డాయి, తరువాత దగ్గు, తరువాత ఏడుపు. ఆయన మోకాలి కింద చర్మం లేచిపోయి రక్తం కారుతోంది. ఆమె కూర్చున్న చోటే ఉంది. తల్లుల ఈల ఇంకా పడలేదు.

ఆయన ఆమె వైపు ఒకసారి చూసి, అప్పుడు ఈల వేశారు. "ఈమె పాసైంది" అన్నారు. తరువాత నాతో మాత్రమే, చిన్నగా, "ఆమె దిగుంటే ఇద్దరిని ఎతుకుతుంటి. ఒక్కరే దొరుకుతుండె, ఎవరో ఒక్కరు" అన్నారు.

ఆమె పరుగున వెళ్లి కొడుకు తల ఒళ్లో పెట్టుకుంది. వాడు కళ్లు తెరిచి, "నిజంగనే మునిగిన. నువ్వు రాలేదేందే?" అని అడిగాడు.

"నువ్వే వద్దన్నవు గదరా."

"నిజంగనే మునిగిన" అన్నాడు వాడు మళ్లీ, ఆమె ఆ మాట విననట్టు.

ఇంట్లో మా అత్తమ్మ ఈసారి ఆమెను పట్టుకుంది. "పిల్లగాడు సస్తుంటే పేరంటానికి వచ్చినట్టు కూసున్నవట." కిందటేడు కన్నతల్లి అన్న నోరే అది. నా తోడికోడలు ఆ తరువాత సారు ఉన్నన్నాళ్లూ ఆ ఒడ్డుకు పోలేదు, పిల్లలు పట్నంలో గెలిచి దండలతో వచ్చిన రోజు కూడా.

నాగేశ్ జట్టులో అందరికంటే బాగా వేశాడు. మరుసటేడు మంజీర మీద పందెం జరుగుతుండగా గాలి లేచి నిజంగానే పడవలు తిరగబడ్డాయి. బయటి నుంచి వచ్చిన బడి వాళ్ల తల్లిదండ్రులు అరుచుకుంటూ నీళ్లలోకి దిగారు. వాళ్లను తీయడానికే జాలరులకు చేతులు చాలలేదు. మా వాళ్లు ఒక్కరూ లేవలేదు. మా పిల్లలు పడవ పట్టుకుని తేలుతూ, తమను ఎప్పుడు తీస్తారా అని ఎదురుచూశారు. అందరూ బతికారు. సారు మా వైపు వచ్చి, మెచ్చుకుంటారేమో అనుకుంటే, "ఆ గోనెలు తడుస్తయి, జెర జరుగుర్రి" అన్నారు.

కాబట్టి అడిగే తల్లులకు నేను చెప్పేది ఇదే. పిల్లవాడికి పొద్దున జొన్నరొట్టె పెట్టండి, వేపుళ్లు వద్దు. తడి నిక్కరుతో బడిలో కూర్చోనివ్వకండి. పడవలో వాళ్లు వీపు ముందుకు పెట్టి కూర్చుంటారు, పోయే చోటు వాళ్లకు కనిపించదు, వదిలి వచ్చిన ఒడ్డే కనిపిస్తుంది. అందుకని ఒడ్డు మీద నిలబడి పేరు పెట్టి పిలవకండి, చెయ్యి ఆగిపోతుంది. కూర్చోవడం నేర్చుకోండి. కొత్త మాష్టారు ఆ పరీక్ష పెట్టడంలేదట. సంతోషించకండి. ఆ మొండి మనిషి మా చేత చేయించింది మీరు ఎవరూ చెప్పకుండానే చేయవలసి వస్తుంది. అది చేసినందుకు మీ పిల్లవాడు మిమ్మల్ని క్షమిస్తాడని నేను మాట ఇవ్వలేను. అయినా ఆయనకు దండం పెట్టని రోజు ఒక్కటీ లేదు నాకు. మా ఇంట్లో ఇద్దరు పిల్లలూ ఉన్నారు, ఇద్దరు తల్లులమూ ఉన్నాం.

మూడో రోజు ఆయన బూడిదను మంజీరలో కలిపారు. ఆడవాళ్లు సాధారణంగా వెళ్లరు. సారు భార్య రమ్మని కబురు పంపితే వెళ్లాం. నా తోడికోడలు రాదనుకున్నాను. చీర మార్చుకుని నాకంటే ముందు గడపలో నిలబడింది. సారు వాళ్ల అన్నగారి కొడుకు కర్మ చేశాడు. పాత జట్టు పిల్లలంతా వచ్చారు, మీసాలు వచ్చి, పొట్టలు వచ్చి, ఫ్యాక్టరీ బూట్లు ఒడ్డున వరసగా విప్పి పెట్టారు. బూడిద కలిపాక వెంట వచ్చినవాళ్లు మూడు మునకలు వేయాలి. మగవాళ్లంతా లోతుకు పోయారు. తల్లులం ఒడ్డున కూర్చున్నాం, ఎవరూ చెప్పకుండానే.

నాగేశ్ మొదటి మునక వేశాడు. నా పక్కన గాలి కదిలింది. నా తోడికోడలు లేచి, తొందర పడకుండా, వంటింట్లోకి నడిచినట్టు నీళ్లలోకి నడిచింది. మోకాళ్ల లోతు దాకా పోయి ఆగింది. వాడు మూడో మునక లేచి, ముఖం తుడుచుకుని, ఎదురుగా ఆమెను చూశాడు.

"ఏందమ్మా, నీళ్లల్లకొచ్చినవ్?"

"ఊకెనే" అంది.

వాడు ఆమెను దాటి ఒడ్డెక్కి, తల తుడుచుకుని, బూట్లు తొడుక్కునేదాకా ఆమె వెనక్కు తిరగలేదు. చీర కుచ్చెళ్లు ఆమె చుట్టూ నీళ్ల మీద విచ్చుకుని, మెల్లగా కదులుతూ ఉన్నాయి.